చిన్న ఇంట్లో చోటు: నేల మీదికి దిగిన సామాను మళ్లీ గోడెక్కే దారులు

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులనే మూడు కొలతల్లో ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం పథకంలో ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దెకు దొరికే సింగిల్ బెడ్‌రూం పోర్షన్లు కూడా చాలావరకు ఈ అంకెల మధ్యలోనే తిరుగుతాయి. ఇల్లు సగానికి తగ్గినంత మాత్రాన అందులోకి చేరే సామాను సగానికి తగ్గదన్నది ఇక్కడ మొదట గమనించాల్సిన సంగతి. నలుగురున్న కుటుంబం 365 అడుగుల్లో ఉన్నా 1,500 అడుగుల్లో ఉన్నా పొయ్యి ఒకటే, గ్యాస్ బండ ఒకటే, బియ్యం బస్తా ఒకటే. పక్కబట్టలు నలుగురివీ ఉండాల్సిందే, పిల్లల పుస్తకాలు ఏటా పెరగాల్సిందే.

పైగా కాగితం మీద కనిపించే అడుగులన్నీ వాడుకకు వచ్చేవి కావు. ప్లింత్ ఏరియాలో గోడల మందం కూడా కలిసే ఉంటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) నిర్వచించిన కార్పెట్ ఏరియాలో బయటి గోడలు, బాల్కనీ పోతాయి గాని లోపలి అడ్డుగోడలు లెక్కలోనే ఉంటాయి. మిగిలిన నేలలో తలుపులు తమ వాటా తీసుకుంటాయి. మూడడుగుల వెడల్పున్న తలుపు తిరగడానికి పావు వృత్తం కావాలి, అది సుమారు ఏడు చదరపు అడుగులు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న పడకగదిలో ఆరున్నర అడుగులకు అయిదడుగుల మంచం వేస్తే ముప్పై రెండు అడుగులు పోయాయి. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువాకు నాలుగున్నర అడుగులు కావాలి. దాని రెక్కలు తెరవడానికి, ఎదుట మనిషి నిలబడడానికి ఇంకో ఆరేడు అడుగులు వదలాలి. ఇవన్నీ కలిపితే వంద అడుగుల గదిలో సగం నేల అప్పుడే అయిపోయింది. మిగిలిన సగం మనుషులు మసలడానికి కావాలి. అందులో ఇంకో అలమారా పెడితే ఇంట్లో ఎవరో ఒకరు మంచం మీదుగా దాటి వెళ్లాల్సి వస్తుంది.

చిన్న ఇల్లు తెలుగువారికి కొత్త కాదు. రెండు తరాల కిందట పల్లెల్లో చాలా కుటుంబాలు ఒకే గది, ఒక వసారా, ఒక వంటిల్లు ఉన్న ఇళ్లలోనే పిల్లాపాపలతో గడిపాయి. అయితే ఆ ఇళ్లలో సామాను ఉండే చోటు వేరు. మట్టితోనో ఇటుక, సున్నంతోనో కట్టిన గోడలు అడుగున్నర మందం ఉండేవి కాబట్టి గోడలోనే గూళ్లు దిగేవి. దీపానికో గూడు, పంచాంగానికీ కళ్లజోడుకూ ఒక గూడు, పాలగిన్నెకో గూడు. తలెత్తితే అటక. బట్టలు దండెం మీద, చొక్కా, గొడుగు చిలక్కొయ్యకు, పెరుగు ఉట్టి మీద. నేల మీద ఉండేవి బియ్యపు బాన, నీళ్ల బిందెలు, గోడవారగా కుండల దొంతి, ఒక ట్రంకు పెట్టె. పగలు నులకమంచం కూడా నేల మీద ఉండేది కాదు. గోడకు నిలబడి ఉండేది.

ఆ ఇళ్లను తలచుకుని మురిసిపోవాల్సిన పని లేదు. అటక మీద ఎలుకలు, గూళ్లలో చెదలు, మధ్యాహ్నం కూడా చీకటి, ఇవన్నీ ఉన్న ఇళ్లే అవి. కాని ఒక్క విషయంలో వాటి లెక్క సరైనది: సామానును గోడలూ పైకప్పూ మోసేవి, నేల మనుషులకు మిగిలేది. అపార్టుమెంట్లు వచ్చాక బయటి గోడ తొమ్మిది అంగుళాలకు, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలకు తగ్గింది. టిడ్కో ఇళ్ల మాదిరిగా షేర్‌వాల్ పద్ధతిలో కట్టినచోట గోడ అంతా కాంక్రీటే. అందులో గూడు తొలిచే వీలు లేదు, మామూలు మేకు కూడా దిగదు, హ్యామర్ డ్రిల్లు తేవాల్సిందే. గోడ నిరాకరించిన సామాను నేల మీదికి దిగింది. దాన్ని నిలబెట్టడానికి బీరువా, స్టాండు, ర్యాకు, టీపాయి, టీవీ కింద యూనిట్ వచ్చాయి. ఇవి సామానును దాచిపెట్టే వస్తువులే గాని వాటికీ ఒక ఒళ్లు ఉంది, ఆ ఒంటికీ చోటు కావాలి. చిన్న ఇళ్ల ఇరుకులో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తోంది. అందుకే ఇల్లు సర్దడమంటే వస్తువులను అందంగా పేర్చడం కన్నా ముందు, నేల మీద నిలబడ్డవాటిలో వేటిని గోడకూ పైకప్పు కిందికీ ఎక్కించవచ్చో చూడడం.

గదిని చదరపు అడుగుల్లో కాకుండా ఘనపుటడుగుల్లో కొలిస్తే పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాస గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గకూడదు, అంటే తొమ్మిది అడుగులు. తలుపు పైన అడ్డంగా పోసే కాంక్రీటు దూలం, అంటే లింటెల్, ఏడడుగుల దగ్గర ఉంటుంది. ఆ పై రెండడుగుల ఎత్తు గది చుట్టూ ఊరికే పోతున్న చోటు. పదడుగుల గోడకు రెండడుగుల లోతున సజ్జ వేస్తే నలభై ఘనపుటడుగులు వస్తాయి. ఆరున్నర అడుగుల ఎత్తున్న మామూలు ఇనుప బీరువా బయటి కొలతే ఇరవై తొమ్మిది. అంటే ఒక గోడ మీది సజ్జ, నేలలో అంగుళం కూడా తీసుకోకుండా, బీరువా కన్నా ఎక్కువ మోస్తుంది. బాత్రూంకు అదే నియమావళి 2.1 మీటర్ల ఎత్తు చాలంటుంది కాబట్టి నాలుగడుగులకు ఆరడుగుల బాత్రూం పైభాగాన్ని రెండడుగుల ఎత్తున సజ్జగా మలిస్తే ఇంకో నలభై ఎనిమిది ఘనపుటడుగులు. పాత ఫ్లాట్లలో ఈ బాత్రూం సజ్జ తరచుగా కనిపించేది. కొత్తవాటిలో ఫాల్స్ సీలింగ్ కోసం దాన్ని మూసేయడం చూస్తే, లైట్ల అందం కోసం ఒక గది సామానును వదులుకున్నట్టే అనిపిస్తుంది.

అయితే సజ్జ మీదికి ఏది పడితే అది ఎక్కించడం వల్ల వచ్చే తిప్పలు తక్కువేమీ కావు. రెండడుగులకు మించి లోతు ఉంటే లోపలి వస్తువు ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తుండదు. బరువైన గుండిగలు, గంగాళాలు పైనుంచి దించేటప్పుడు స్టూలు మీద నిలబడ్డ మనిషికి రెండు చేతులూ బరువు మీదే ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరవై దాటినవారున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కనుక పైకి వెళ్లాల్సినవి వెడల్పుగా, తేలికగా ఉండి ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే దిగేవి. మూత ఉన్న పెట్టెలో పెట్టి, కింద నిలబడి చదవగలిగేలా ముందువైపు ఏముందో రాసి అంటించాలి. రాయకపోతే ప్రతి పండక్కీ నాలుగు పెట్టెలు దించి అయిదోదాంట్లో దొరికించుకోవాల్సి వస్తుంది.

ఏది ఎక్కడ ఉండాలన్నదానికి నమ్మదగిన కొలమానం, ఆ వస్తువు ఎన్నాళ్లకొకసారి చేతికి కావాలన్నదే. మోకాలి నుంచి భుజం వరకు ఉన్న ఎత్తు, వంగకుండా, చెయ్యి చాచి లేవకుండా అందుకునే ఎత్తు. రోజూ వాడేవి అక్కడ. వారానికోసారి వాడేవి మోకాలి కింద, లేదా తల ఎత్తున. ఏటా ఒకసారి వాడేవి సజ్జ మీద, మంచం కింద. చెప్పడానికి ఇంత తేలికైన సూత్రం ఇళ్లలో ఎందుకు తలకిందులవుతుందంటే, కొత్త వస్తువు వచ్చినప్పుడు ఆ పూట ఖాళీగా ఉన్న చోట పెట్టేస్తారు, ఆ ఖాళీ సాధారణంగా అందుబాటు ఎత్తులోనే ఉంటుంది. పెళ్లిలో వచ్చిన డిన్నర్ సెట్టు షోకేసులో నడుము ఎత్తున కూర్చుని, రోజూ వాడే కుక్కర్ ప్లాట్‌ఫాం కింద మూలకు పోవడం దీని ఫలితమే.

ఇంటి సర్దుబాటు గురించి ఎక్కువగా వినిపించే సలహా, ఏడాదిగా వాడనిదాన్ని తీసి పారేయమని. మన ఇళ్లకు ఇది సగమే వర్తిస్తుంది. దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువు బొమ్మలు, మే నెలలో ఆవకాయ కలిపే బేసిన్లు, జాడీలు, అరిసెల చెక్కలు, జంతికల గొట్టం, చలికాలపు రగ్గులు, ఎండాకాలపు కూలర్, ఇవన్నీ ఏడాది తిరిగేసరికి కచ్చితంగా అవసరపడేవే. పైగా తీసి పారేసి కావాల్సినప్పుడు కొత్తది కొనుక్కోవడం, కొనగలిగినవారికి చెప్పదగిన మాట. 300 అడుగుల ఇంట్లో ఉన్నవారు పాత దుప్పటిని దాచుకుంటే దాన్ని వ్యామోహమనడం సరికాదు. చుట్టాలు వచ్చిన రాత్రి అది కావాలి. వాడుక ఏడాదిలో ఏ నెలలో పడుతుందో తెలిసిన వస్తువుకు ఇంట్లో చోటు ఉండాలి. ఏ నెలా చెప్పలేని వస్తువు గురించే ఆలోచించాలి.

ఇక్కడ పండగల ముందు బూజు దులిపే అలవాటు చాలా పనికొస్తుంది. సంక్రాంతికి ముందు ఎలాగూ సజ్జ ఖాళీ అవుతుంది. అప్పుడే రగ్గులు దిగాయో లేదో, కూలర్‌కు చోటు కుదిరిందో లేదో తేలిపోతుంది. వేసవి మొదట్లో రగ్గులను ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టి, ఖాళీ సూట్‌కేసుల్లో సర్ది పైకి పంపాలి. ఖాళీ సూట్‌కేసు అంటే చోటు తీసుకుంటూ ఏమీ దాచని పెట్టె. చాలా ఇళ్లలో బీరువా మీద రెండు మూడు ఇలాంటివి ఉంటాయి. ఒకదానిలో ఒకటి ఇమిడేవాటిని ఇమిడ్చి, మిగిలినదాంట్లో ఆ కాలానికి అక్కర్లేని బట్టలు పెడితే బీరువాలో ఒక అర ఖాళీ అవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో మాత్రం గాలిలో తడి ఎక్కువ కాబట్టి ప్లాస్టిక్ కవర్లలో బిగించిన పట్టుచీరలకు, తోలు చెప్పులకు వానల్లో బూజు పడుతుంది. అక్కడ నూలుగుడ్డలో చుట్టడమే మేలు. కొలువు మెట్ల సంగతీ చెప్పుకోవాలి. విడగొట్టే స్టీలు స్టాండు కొనేవారు పెరిగారు గాని, ట్రంకు పెట్టెలు, బల్లలు ఎత్తు ప్రకారం పేర్చి పైన తెల్ల పంచె పరిచే పాత పద్ధతిలో మెట్ల కోసం ఏడాదంతా దాచాల్సిన వస్తువే ఉండదు.

చిన్న ఇంట్లో అసలు పరీక్ష వంటింట్లోనే. భవన నియమావళి వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు అడుగుతుంది. విడిగా స్టోర్‌రూం ఉంటే 4.5 చదరపు మీటర్లు చాలంటుంది. స్టోర్‌రూం లేని ఇంట్లో సరుకులకు నియమావళి అదనంగా కోరేది అర చదరపు మీటరన్నమాట. అయిదున్నర అడుగులకు కాస్త తక్కువ! ఆ చోటులోనే బియ్యం, పప్పులు, నూనె, పచ్చళ్లు, గ్యాస్ బండ, మిక్సీ, గ్రైండర్, తాగునీళ్ల క్యాన్ ఇమడాలి.

బియ్యం సంగతే తీసుకుంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన ధాన్యం, పప్పుల వంటివాటిపై 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ పరిమితి దాటితే పన్ను లేదు కాబట్టి బజారులో 26 కిలోల బస్తా మామూలైపోయింది. ఆ బస్తాను డబ్బాలో పోయాలంటే ముప్పై లీటర్లకు పైబడిన డబ్బా కావాలి. రెండు నెలల బియ్యం ఒకేసారి కొనే ఇంటికి అలాంటివి రెండు. పొలం నుంచి ఏడాది గింజలు వచ్చే కుటుంబానికి ఈ అలవాటు తప్పదు గాని, వీధి చివర కిరాణా కొట్టు ఉన్న ఊళ్లో నెలకు మించిన నిల్వ ధరలో మిగిల్చేదానికన్నా చోటులో తినేదే ఎక్కువ. పురుగు పట్టితే ఆ మిగులూ లేదు. జీతం వచ్చిన వారంలో నెల సరుకులన్నీ తెచ్చేసుకునే ఇళ్లలో కూడా పప్పులు, పిండ్లు రెండు విడతలుగా తెచ్చుకుంటే డబ్బాల పరిమాణం సగమవుతుంది.

డబ్బాల ఆకారం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. గుండ్రటి డబ్బాలను వరుసగా పేర్చితే వాటి మధ్య మూలల్లో అర వైశాల్యంలో అయిదో వంతుకు పైగా ఖాళీ ఉండిపోతుంది. చదరపు డబ్బాలకు ఆ నష్టం లేదు. అలాగని ఉన్న స్టీలు డబ్బాలన్నీ తీసేయమనడం తెలివితక్కువ పని. గుండ్రటి డబ్బా కడగడం తేలిక, మూలల్లో పిండి అతుక్కోదు, పుట్టింటి వారు పేరు చెక్కించి ఇచ్చినదాన్ని ఎవరూ వదులుకోరు కూడా. కొత్తగా కొనేటప్పుడు బియ్యం, పప్పుల వంటి గింజలకు చదరపువి కొనుక్కుంటే చాలు.

ఆకారం కన్నా పెద్ద సమస్య లోతు. వంటగట్టు రెండడుగుల లోతు ఉంటుంది కాబట్టి దాని కింది అర కూడా రెండడుగుల లోతే ఉంటుంది. అందులో డబ్బాలు మూడు వరుసలుగా పెడితే వెనుక వరుస కనిపించదు. కనిపించని శనగపిండి ఉన్నా లేనట్టే లెక్క, ఇంకో అరకిలో వస్తుంది. ఆరు నెలల తర్వాత వెనుక నుంచి పురుగు పట్టిన పాత పొట్లం బయటపడుతుంది. సరుకులకు మంచి అర ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున్నది, ఒకే డబ్బా పట్టేది. ఎదురుగా నిలబడితే ఉన్నవన్నీ ఒక్క చూపులో కనబడాలి. గట్టుకూ పై కప్‌బోర్డుకూ మధ్య ఉన్న గోడ మీద నాలుగైదు అంగుళాల సన్నటి పలక బిగిస్తే ఉప్పు, కారం, పసుపు, టీపొడి, పంచదార, చింతపండు అక్కడికి చేరి గట్టు ఖాళీ అవుతుంది. పోపుల పెట్టె ఈ ఆలోచనకు పాత రూపమే. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి తలా ఒక చిన్న గిన్నెలో ఒకే మూత కింద ఉంటాయి. నూనె కాగే లోపు ఏ డబ్బా కోసమూ వెతకనక్కర్లేదు. అసలు నిల్వ లోపల ఎక్కడో ఉంటుంది, వారానికోసారి ఇందులోకి వస్తుంది. టీ సామగ్రికి, టిఫిన్ పొడులకు, పిల్లల లంచ్ బాక్సులకు కూడా ఇలాంటి చిన్న కేంద్రం ఒకటి ఏర్పరిస్తే మిగతా నిల్వ ఎంత ఎత్తున ఉన్నా ఇబ్బంది ఉండదు.

గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి, పళ్లాలు స్టాండులో నిలువుగా నిలబడతాయి. చిక్కంతా మూతలతోనే. కప్‌బోర్డు తలుపు లోపలివైపు రెండు సన్నటి కడ్డీలు బిగిస్తే మూతలన్నీ అక్కడ నిలబడతాయి.

గ్యాస్ బండ విషయంలో చోటు కోసం భద్రతను తాకట్టు పెట్టకూడదు. 14.2 కిలోల బండను నిలువుగానే ఉంచాలి, గాలి ఆడని అరలో పెట్టి తలుపు మూయకూడదు. వంటగ్యాస్ గాలి కన్నా బరువైనది, లీకైతే కిందే చేరుతుంది. మాడ్యులర్ కిచెన్ అరలో బండ పెట్టేవారు తలుపు కింది భాగంలో గాలి రంధ్రాలు తప్పనిసరిగా పెట్టించాలి. రెండో బండ ఉన్న ఇళ్లలో దాన్ని పడకగది మూలకు చేర్చి పైన గుడ్డ కప్పి బల్లలా వాడుకోవడం కనిపిస్తుంది. చోటు కలిసొచ్చినా అది తగిన పని కాదు.

మాడ్యులర్ కిచెన్ చిన్న ఇంటికి మందు అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. నిజానికి ఒక్కో పెట్టె రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు ఉంటాయి. పక్కపక్కన నాలుగు పెట్టెలు పెడితే ఎనిమిది పలకలు, అంటే అయిదున్నర అంగుళాలకు పైగా చెక్కకే పోయింది. సొరుగుల పట్టాలకు రెండు పక్కలా ఇంకో అరంగుళం చొప్పున. ఏడడుగుల వంటింట్లో ఇది తెలిసేంత నష్టం. కడప బండలతో కట్టే అరల్లో రెండు అరలకు నడిమి బండ ఒకటే. నీళ్లకు ఉబ్బదు, చెద పట్టదు, ఖర్చు తక్కువ. బండకూ లోపాలున్నాయి. నూనె మరక పోదు, అంచు పెచ్చులూడుతుంది, ఒకసారి బిగించాక ఎత్తు మార్చడం కుదరదు. రెండింటినీ కలిపి, అరలు బండతో, తలుపులు మాత్రం చెక్కతో చేయించుకోవడం ఇప్పటికీ మంచి మార్గం. సింకు కింద చెక్క తప్పనిసరైతే ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి, అక్కడ మామూలు ప్లైవుడ్ ఎక్కువ కాలం నిలవదు.

బట్టల విషయం ఇంత జటిలం కాదు. హ్యాంగరుకు తగిలించే బట్టలకు రెండడుగుల లోతు కావాలి, మడత చీరలకు పద్నాలుగు పదహారు అంగుళాలు చాలు. వార్డ్‌రోబ్ అంతా రెండడుగుల లోతున చేయిస్తే చీరల అరల్లో వెనుక వరుస పుడుతుంది, అక్కడి చీరలు వెలుగు చూడవు. బీరువాను నైరుతిలో పెట్టాలన్న వాస్తు నమ్మకాన్ని చాలామంది పాటిస్తారు. బరువంతా నైరుతిలో, ఈశాన్యం తేలికగా అన్న ఆ పద్ధతి వల్ల గదిలో ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. నమ్మేవారికీ నమ్మనివారికీ ఆ ఖాళీ ఉపయోగమే. ఎటొచ్చీ ఆ నైరుతి మూలలో కిటికీ ఉన్నప్పుడే చిక్కు. కిటికీకి బీరువా అడ్డం పెట్టి గాలి వెలుతురు పోగొట్టుకున్న ఇళ్లు తక్కువేమీ లేవు.

మంచం కింది చోటు గురించి ప్రకటనలు చెప్పేదానికీ వాడుకకూ తేడా ఉంది. ఆరున్నరకు అయిదడుగుల బాక్స్ మంచం, అడుగు ఎత్తు పెట్టె ఉంటే, ముప్పై ఘనపుటడుగులకు పైగా మోస్తుంది. అయితే ప్రతిసారీ పరుపు ఎత్తి పలక తీయాలి కాబట్టి అందులో రగ్గులు, అదనపు దిండ్లు తప్ప రోజూ కావాల్సింది పెట్టలేరు. మామూలు ఇనుప మంచానికి ఎత్తు దిమ్మెలు వేసి, కింద చక్రాలున్న పెట్టెలు లేదా పాత ట్రంకు పెట్టెలు తోస్తే, ఒక్క చేత్తో లాగి తీసుకోవచ్చు, కింద ఊడ్చుకోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ నేల మిగిల్చేది మడతమంచం, చుట్టే పరుపు. హాల్లోనే ఇద్దరు పడుకోవాల్సిన 300 అడుగుల ఇంట్లో పగలు పరుపు చుట్టి గోడవారగా పెడితే ఇరవై ముప్పై అడుగుల నేల పొద్దున్నే తిరిగి వస్తుంది. ఏ సోఫా కమ్ బెడ్డూ అంత నేలను తిరిగి ఇవ్వదు.

అద్దె ఇళ్లలో ఈ సలహాల్లో సగం చెల్లవు. గోడకు మేకు కొట్టవద్దని ఇంటివారు మొదటి రోజే చెబుతారు, సజ్జ వేయించే ప్రశ్నే ఉండదు. అతికించే కొక్కేలు తువ్వాలు, తాళంచెవుల వరకే. తడి గోడ మీద అవీ నిలవవు. కిరాణా కొట్లలో కనిపించే రంధ్రాల ఇనుప యాంగిళ్ల ర్యాకు అద్దెవారికి తగిన వస్తువు. మూడడుగుల వెడల్పు, అడుగు లోతు, ఏడడుగుల ఎత్తున్న ర్యాకు నేలలో మూడు చదరపు అడుగులే తీసుకుంటుంది, బోల్టులు విప్పి పలకలను కావాల్సిన ఎత్తుకు మార్చుకోవచ్చు, ఇల్లు మారేటప్పుడు కట్టలా కట్టి ఆటోలో వేసుకోవచ్చు. ముందు ఒక పాత చీర తెరగా కడితే చూడటానికీ బాగుంటుంది. బరువైనవి కింది పలకల్లోనే ఉండాలి, లేకపోతే పిల్లలు పట్టుకుని లాగినప్పుడు ముందుకు ఒరుగుతుంది.

దాచడానికి వీల్లేనివి కొన్ని ఉన్నాయి. ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి మంచం కింద, మూసిన అలమారాలో పెట్టకూడదు. మందులు పొయ్యి పక్క అరలో ఉంటే వేడికీ ఆవిరికీ పాడవుతాయి. ఫినాయిల్, బొద్దింకల మందు సరుకుల అరలోకి రాకూడదు, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం అంతకన్నా ప్రమాదం. ఇంట్లో ఇమడని చెప్పుల స్టాండు, సైకిలు అపార్టుమెంటు కారిడార్‌లోకీ మెట్ల మలుపుకీ చేరడం దాదాపు అన్నిచోట్లా ఉన్నదే. అగ్నిప్రమాదం జరిగితే అందరూ దిగాల్సిన దారి అదొక్కటే అయినప్పుడు అక్కడ దాచిన చోటు ఎవరి ఇంటిదీ కాదు.

కొన్ని వస్తువులు ఇంట్లో ఉండనక్కర్లేదన్న విషయాన్ని కుటుంబాలు తమంతట తామే గ్రహించాయి. ఒకప్పుడు పెళ్లికో వ్రతానికో వంద మందికి వండే గుండిగలు, కాగులు, గరిటెలు ఇంటింటా ఉండేవి. టెంట్‌హౌస్, క్యాటరింగ్ వచ్చాక వాటిని అద్దెకు తెచ్చుకోవడమే రివాజైంది. చాలా ఇళ్లలో పాత ఇత్తడి, కంచు మార్పిడి కింద కొట్టుకు వెళ్లిపోయాయి. అదే తర్కం నిచ్చెనకు, డ్రిల్లు మిషన్‌కు, అదనపు ప్లాస్టిక్ కుర్చీలకు కూడా వర్తిస్తుంది. ఇరవై ఫ్లాట్లున్న భవనంలో ఇరవై నిచ్చెనలు అక్కర్లేదు, సంఘం కొని వాచ్‌మన్ గదిలో ఉంచితే సరిపోతుంది.

సొంతంగా చిన్న ఇల్లు కట్టుకునేవారికి మాత్రం ఈ సమస్యను చాలావరకు మొదట్లోనే తీర్చుకునే అవకాశం ఉంది. సజ్జలు ఏ గోడకు, ఎంత లోతున అన్నది లింటెల్ పోసే రోజుకల్లా మేస్త్రీకి చెప్పాలి. ఆ తర్వాత వేయించాలంటే గోడ కొట్టడమో, ఇనుప బ్రాకెట్లు బిగించడమో తప్పదు. వంటింటి అరల బండలు ప్లాస్టరింగుకు ముందే గోడలోకి దిగాలి. తొమ్మిదంగుళాల గోడ ఉన్నచోట సగం మందం లోపలికి వదిలి నాలుగున్నర అంగుళాల గూడు పెట్టించుకోవచ్చు. దేవుడి పటాలకు, పుస్తకాలకు, మంచం పక్కన ఫోనుకు, కళ్లజోడుకు అది సరిపోతుంది. అలాంటి గూడు ఉన్న పడకగదిలో మంచం పక్కన బల్ల వేయాల్సిన అవసరం రాదు. షేర్‌వాల్ ఇళ్లలో గోడ, స్లాబు కలిపి ఒకేసారి పోస్తారు కాబట్టి ఈ నిర్ణయం ఇంట్లో ఉండబోయేవారి చేతిలో ఉండదు. అచ్చులు సిద్ధం చేసే ఇంజినీరు డ్రాయింగులోనే పడకగదికి ఒక సజ్జ, బాత్రూం మీద ఒక సజ్జ గీస్తే వందల ఇళ్లకు ఒకేసారి చోటు వస్తుంది, గీయకపోతే అన్ని ఇళ్లలోనూ ఒక్కో బీరువా నేల మీదికి దిగుతుంది.